నారసము గ్రుచ్చిన నాలుక



మన అవయవములలో నాలుక చిన్నది. దానికి ఎముక లేదు. పండ్ల వెనుక దాగియుండును. అయినను ఇల్లు నిలుపునదియు, ఇల్లు కూల్చునదియు అదియే. నోరు మంచిదైతే ఊరు మంచిదని మన పెద్దలు ఊరకే చెప్పలేదు. యాకోబు తన పత్రిక మూడవ అధ్యాయములో చాలభాగము నాలుక సంగతికే ఇచ్చెను. అట్టి నాలుకకు ఇనుము గ్రుచ్చుట యొకటి, దానిని కత్తితో రెండుగా చీల్చుట యొకటి, ఈ రెంటిని గూర్చి ఈ నెల ఆలోచింతము. మొదటిది మన ఊళ్లలో పాతది. రెండవది పట్టణములలో క్రొత్తది. రెంటిని ఒకే గాటను కట్టి, మోటుతనమని ఒక్కమాటలో కొట్టివేయుట సులభము. ఆ తీర్పు న్యాయమైనదా కాదా యని మనము పరీక్షింపవలెను.

అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో నివసించు మీకు వీరభద్రుని సంబరము క్రొత్త కాదు. మురమళ్లలో వీరేశ్వరస్వామి ఆలయమున్నది. దక్షయజ్ఞము జరిగిన చోటు ద్రాక్షారామమేయని అక్కడి స్థలపురాణము చెప్పును. మన సీమలో కొన్ని కుటుంబములవారు పెండ్లివంటి శుభకార్యమునకు ముందు ఈ సంబరము చేయుదురు. వీరణములు మ్రోగును. "శరభా! అశ్శరభా!" అను కేకలు వీధి చివరవరకు వినబడును. ఒకరు కత్తి చేతబట్టి దక్షుని కథను ఖడ్గములుగా చదువును. అప్పుడు కొందరు నారసములు పట్టుదురు. నారసమనగా సన్నని యినుప శలాక. దానిని నాలుకకో, దవడకో గ్రుచ్చి, కొనలకు నూనెగుడ్డ చుట్టి వెలిగించుటయు కలదు. సంబరము ముగిసిన పిమ్మట దానిని తీసివేయుదురు. గాయము కొన్ని దినములలో పూడిపోవును.

దేవుని పేరట నాలుకను గాయపరచుకొనుట మన దేశములో నిన్న మొన్న పుట్టినది కాదు. శ్రీశైలములో వీరశిరోమండపమను కట్టడమున్నది. కొండవీటి రెడ్డిరాజైన అనవేమారెడ్డి దానిని 1378 ప్రాంతమున కట్టించెను. కొంగుదేశపు వీరులు అక్కడ తమ తలలను, నాలుకలను కోసి అర్పించిరని ఆ శాసనము చెప్పుచున్నది. అది తిరిగిరాని అర్పణ. నారసమునందు బాధ కలదు గాని నాలుక మరల ఇంటికి వచ్చును, మాటలాడును, అన్నము రుచి చూచును. ఈ భేదమును మనస్సునందుంచుకొనుడి. ముందు దీనితో పనియున్నది.

ఇట్టి ఆచారములను గూర్చి క్రైస్తవులు వ్రాసిన గ్రంథములలో పేరుపొందినది హెన్రీ వైట్‌హెడ్ గారిది. ఆయన 1899 మొదలు 1922 వరకు మద్రాసు బిషప్పుగా నుండెను. దక్షిణ హిందూదేశపు గ్రామదేవతలను గూర్చిన తన గ్రంథమును 1916లో ప్రచురించెను. తెలుగుదేశపు జాతరలకు అందులో ప్రత్యేకముగా ఒక అధ్యాయమిచ్చెను. ఆయన శ్రద్ధ గొప్పది. ఏ ఊరిలో ఏ దేవత, ఎవరు పూజారి, ఏ బలి ఎట్లు జరుగును అను సంగతులను ఓపికతో ప్రోగుచేసెను. ఇప్పటికిని పండితులు ఆ పుటలను త్రిప్పుచున్నారు. అయినను ఆ గ్రంథమునకు ఒక లోపమున్నదని చెప్పక తప్పదు. కలరా భయము, మశూచి భయము, ఊరంతటికి కలిగిన ఆపద, ఇవి అందులో కనబడును. ఒక్క ఇంటి దుఃఖము కనబడుట అరుదు. పూజ ఎట్లు జరుగునో చదువరికి తెలియును గాని, ఆ పూజకు వచ్చిన తల్లి యెందుకు ఏడ్చుచున్నదో తెలియదు. ఆయన తీర్పు కఠినముగా నుండుటకు ఇదియు ఒక కారణమని నాకు తోచుచున్నది.

ఆ లోటును కొంత తీర్చినవాడు అమెరికా దేశపు పండితుడు, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో బోధించిన డేవిడ్ నైప్. ఆయన మన గోదావరి తీరమునకు వచ్చి, ఇక్కడి వీరభద్ర పూజను గూర్చి వ్రాసిన వ్యాసము 1989లో వెలువడెను. చిన్నతనమునందే చనిపోయిన బిడ్డలు వీరభద్రులగుదురనియు, చనిపోయిన తరువాత కూడ వారు పెరుగుచునే యుందురనియు ఈ కుటుంబములు నమ్ముచున్న సంగతి ఆయన కనుగొనెను. బ్రదికియున్న అన్నకు పెండ్లి జరుగునప్పుడు పోయిన తమ్ముని మరువగూడదు. వాని పాలు వానికి ఈయవలెను. ఇది తెలిసిన తరువాత పెండ్లికి ముందు సంబరమెందుకో మనకు బోధపడును. శుభకార్యమున ఇంటిల్లిపాది కూడినప్పుడే గదా లేనివాని చోటు ఎక్కువగా కనబడునది? వీరణము మ్రోతను దూరమునుండి వినువారికి అది కోలాహలము. ఆ యింటివారికి అది పేరు పెట్టి పిలుచుట.

మన వేదమునందు దీనిని గూర్చి ఏమున్నదని మీరడుగుదురు. లేవీయకాండము పందొమ్మిదవ అధ్యాయము దేహమును చీరుకొనుటను నిషేధించుచున్నది. అయితే ఆ నిషేధమును నెమ్మదిగా చదువుడి. అది చచ్చినవారి నిమిత్తము చేయు గాయములను గూర్చినది. మనుష్యుడు తన దేహమును కోసికొనుట దుఃఖమునుండి పుట్టునని మోషే ధర్మశాస్త్రమునకు తెలియును. కర్మెలు కొండమీద బయలు ప్రవక్తలు కత్తులతో కోసికొన్న సంగతి మన ప్రసంగములలో తరచుగా వినుచుందుము. అది జవాబీయని దేవుని పలికింపవలెనని చేసిన పని. బిడ్డను పాతిపెట్టిన ఇంటివారిని ఆ ప్రవక్తల లెక్కలో చేర్చుట న్యాయము కాదు.

ఇట్లనుటచేత నారసమును మెచ్చుకొనుచున్నానని తలంపవలదు. దానియందు మూడు దోషములు చూచుచున్నాను. ఒకే శలాకను సరిగా కాచి శుద్ధిచేయకుండ ఒకరి తరువాత ఒకరు గ్రుచ్చుకొనినయెడల, కామెర్ల జబ్బులలో ప్రమాదకరమైన హెపటైటిస్ బి, సి రకములు ఒకరి రక్తమునుండి మరియొకరికి పోవును. ధనుర్వాతపు భయమును కలదు. నాలుకలో రక్తనాళములు మెండు. అది వాచినయెడల ఊపిరి ఆడుటకే అడ్డువచ్చును. ఇది మొదటి దోషము. రెండవది, పెద్దల పౌరుషము కొరకు పసివానిని ముందుకు త్రోయుట. మ్రొక్కినవాడు ఒకడు, నోరు తెరచువాడు మరియొకడు అయినప్పుడు అది భక్తి కాజాలదు. మూడవది, ఇప్పటి కాలమున చుట్టు చేరినవారందరు చరవాణులెత్తి బొమ్మలు పట్టుచున్నారు. చనిపోయిన బిడ్డ కొరకు మొదలైన పని ఎవరు ఎక్కువ పొడవైన నారసము పట్టిరో అను పందెముగా మారినయెడల, ఆ దుఃఖమునకు మిగిలిన ఘనత కూడ పోవును.

ఇక నాలుకను చీల్చుకొనుట. దీనికి దేవుడు లేడు, చచ్చినవాడు లేడు. అందము కొరకనియు, పదిమందిలో వేరుగా కనబడుట కొరకనియు కొందరు యువకులు నాలుక కొననుండి లోనికి నడిమిగీత వెంబడి కోయించుకొని, పామువలె రెండు పాయలు చేసికొనుచున్నారు. నాలుక కండరములు కుడి యెడమలుగా అమరియున్నవి గనుక, అభ్యాసముచేత రెండు పాయలను వేరువేరుగా కదలింపవచ్చును. చూచువారికి అది వింత. మన పొరుగు రాష్ట్రములో తిరుచ్చి పట్టణమున, వైద్య శిక్షణ లేకుండ ఈ కోత కోయుచున్నారని 2024 డిసెంబరులో పచ్చబొట్ల దుకాణమువారిని ఇద్దరిని పోలీసులు పట్టుకొనిరి. నగరపాలకులు ఆ దుకాణమునకు తాళము వేసిరి. ఇంగ్లండులో అప్పీలు న్యాయస్థానము 2018లో ఇట్టి వ్యవహారమునే విచారించి, కోయించుకొన్నవాడు ఒప్పుకొన్నంత మాత్రమున కోసినవాని నేరము పోదని తీర్పు చెప్పెను.

నా దేహము నాది, నీకేమి యని ఆ యువకుడు అడుగును. ఆ ప్రశ్నను త్రోసివేయకుడి. మన ఆడపిల్లలకు మాట రాకముందే చెవులు కుట్టించుచున్నాము. ముక్కుపుడక పెట్టించుచున్నాము. వారిని అడిగితిమా? కాబట్టి దేహమునకు రంధ్రము చేయుటయే పాపమని చెప్పుటకు మనకు నోరు లేదు. కొలత వేరొకటి కావలెను. ఆ పని ఎవరి యిష్టముచేత జరిగెను? పనిముట్టు పట్టిన చేతికి ఆ పని తెలియునా? రేపు మనస్సు మారినప్పుడు దానిని వెనుకకు త్రిప్పవచ్చునా? చెవిపోగు తీయవచ్చును. నారసము ఆ దినముననే తీయుదురు. చీల్చిన నాలుకను మరల కుట్టవచ్చును గాని, అది మునుపటి నాలుక కాదు. పదునెనిమిదేండ్ల ముచ్చటకు అరువదియేండ్లు వెల చెల్లింపవలసివచ్చును. ఈ కొలతతో చూచినయెడల, పల్లెటూరి నారసముకంటె పట్టణపు కోతయే ఎక్కువ తొందరపాటు పని యని నా తీర్పు.

చదువరులారా, మీ వీధిలో వీరణములు మ్రోగునప్పుడు కొందరు తలుపులు వేసికొందురు, కొందరు నవ్వుదురు. మీరు ఒక పని చేయుడి. ఆ యింటిలో పోయిన బిడ్డ ఎవరో, వాని పేరేమో కనుగొనుడి. మన సంఘములలోను బిడ్డలను పోగొట్టుకొన్న తల్లులున్నారు. సమాధి చేసిన దినమున పాటలు పాడుదుము. నలువదియవ దినమున ప్రార్థన పెట్టుకొందుము. ఆ తరువాత ఏడాదికి ఎవరైన ఆ యింటికి పోయి, ఆ బిడ్డ పేరెత్తి, ఈపాటికి బడికి పోవుచుండును గదా యని ఆ తల్లితో ఒక మాట యన్నారా? పేరెత్తిన యెడల ఆమె ఏడ్చునని భయపడి ఊరకుందుము. ఆమె ఏడ్చుట మానలేదు, మనకు కనబడకుండ ఏడ్చుచున్నది. మీ పేటలో అట్టి యిల్లు తప్పక ఉండును. రాబోవు ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట అక్కడికి పొండి.