మొలకకు నీళ్లు పోసేవాళ్లు

పుదుచ్చేరి రంగపిళ్లై వీధిలో ఆనందరంగ పిళ్లై మేడ చూసొచ్చిన రాత్రి తెలుగు వికీపీడియాలో ఒక్క వాక్యం చేర్చాను, ఫ్రెంచి గవర్నరు డూప్లే దొరకు దుబాసీ అయిన ఆయన తెలుగు కవులనూ ఆదరించాడని. తెల్లారేసరికి పక్కన "ఆధారం చూపాలి" అని తగిలించిపోయారెవరో. ఉడుక్కున్నాను. తీరా వెతికితే, కస్తూరి రంగకవి తన ఛందోగ్రంథానికి ఏకంగా ఆయన పేరే కలిపి 'ఆనందరంగరాట్ఛందము' అన్నాడని దొరికింది. ఆ ముక్క చేర్చానో లేదో, ముక్కూమొహం తెలియని ఒకరు అచ్చుతప్పు దిద్దారు, ఇంకొకరు లింకు కలిపారు. అప్పుడు పట్టుకుంది నాకీ పిచ్చి.

వికీలో అసలు పనితనమంతా దిద్దడంలో ఉంది. నాలుగు వాక్యాల వ్యాసాన్ని అక్కడ "మొలక" అంటారు. ఎంత చక్కని మాట! చేయి తిరిగినవాడు అందులో ఎర్ర లింకు పెట్టి వదుల్తాడు. ఇంకా లేని వ్యాసానికి పిలుపది. దారిన పోయేవారెవరో చూసి రాస్తారు, ఎరుపు నీలమవుతుంది. పొగడ్త కనబడితే కోసేస్తాడు, తేదీ సరిచూస్తాడు, ఎందుకు మార్చాడో ఒక్క ముక్కలో చెప్పి వెళ్లిపోతాడు. తగువొస్తే చర్చ పేజీ, అక్కడా తేలకపోతే రచ్చబండ. మంచి వ్యాసం "చరిత్ర" తెరిచి మొదటి కూర్పు నుంచి వరసగా చదవండి, కచేరీలో తాళవాద్యాల తని ఆవర్తనం విన్నట్టే ఉంటుంది నాకైతే.

ఈ తెలుగు వికీని వెన్న నాగార్జున 2003 డిసెంబరులో మొదలుపెట్టారు. వీవెన్ చేసిన 'లేఖిని' అనే టైపు పరికరం వచ్చి తెలుగు రాత సులువయ్యాక జనం చేరారంటారు. మొదట ఒంటరి ఔత్సాహికులు, తర్వాత ఊరికో పేజీ పెట్టే హుషారు, ఆపైన నియమాలు, నిర్వాహకులు, అలకలు.

ఆ ఔత్సాహికుల్లో ఒకరైన ప్రణయ్‌రాజ్ వంగరి 2016 సెప్టెంబరు 8న మొదలెట్టి రోజుకో వ్యాసం చొప్పున ఏడాదంతా రాశారు. ఆగారా? వెయ్యి రోజులు దాటించారు. ఆ రోజుల్లో పండగలు, జ్వరాలు, కరెంటు కోతలు రాలేదా! ఒకప్పుడు తెలుగులో విజ్ఞాన సర్వస్వం తెచ్చే పని తలకెత్తుకున్న కొమర్రాజు లక్ష్మణరావుగారు 'అ' అక్షరం దాటకుండానే 1923లో కన్నుమూశారు. ఈ పని చూసుంటే మురిసిపోయేవారు.

అలాంటి తోటలో ప్లాస్టిక్ పూలు గుచ్చుతున్నారే, అదీ నా మంట. 2009 తర్వాత గూగుల్ అనువాద పరికరంతో తయారైన వ్యాసాలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. క్రియ ఒకచోట, కర్త మరోచోట. ఆ చెత్త ఎత్తడం సముదాయం నెత్తిన పడింది. ఇప్పుడు ఏఐ వచ్చింది, వాక్యం నున్నగా ఉంటుంది, ఆధారమడిగితే పలికే నాథుడుండడు. సంఖ్య పెంచాలట! పక్కింటి తమిళ వికీ 2017లోనే లక్ష వ్యాసాలు దాటిందని మనవాళ్లకు ఉక్రోషం. నాకూ లేకపోలేదు. అయినా ఇలా గెలవనక్కర్లేదు.

అందుకే ఓ మాట, చదువుకో కొలువుకో తెలుగు యానాం నుంచి పుదుచ్చేరి వచ్చిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈసారి సెలవులకెళ్లినప్పుడు అటక మీది పాత సావనీర్లు దులపండి. మీ బడి గురించో, గుడి గురించో, గోదావరి పాయ గురించో నాలుగు వాక్యాలు రాయండి. ఎవరో వచ్చి "ఆధారం చూపాలి" అంటారు. నాలాగే ఉడుక్కోండి. మర్నాడు మాత్రం పేజీ మళ్లీ తెరవండి.