'అతివాహకం'లో 'అతి': ఒక అర్థవిచారణ

ఉపోద్ఘాతం
శాస్త్రపరిభాషలో పదం భావానికి తోవ చూపాలి. తోవ తప్పించే పదం ఎంత ప్రచారంలో ఉన్నా దానిని పరిశీలించక తప్పదు. 'ఉన్నతోష్ణోగ్రత అతివాహకం' అటువంటి పదబంధం. ఇందులోని విశేషణం, ఉపసర్గ రెండూ కలిగించే అపోహలను చర్చించడం ఈ వ్యాస లక్ష్యం.

'ఉన్నతం': సాపేక్షార్థం
1911లో కామర్లింగ్ ఓన్స్ పాదరసంలో విద్యున్నిరోధం 4.2 కెల్విన్‌ల వద్ద అదృశ్యం కావడాన్ని గుర్తించాడు. 1986లో బెడ్నార్జ్, ముల్లర్‌లు లాంథనం, బేరియం, రాగి, ఆక్సిజన్‌ల సమ్మేళనంలో 30 కెల్విన్‌ల ప్రాంతంలోనే ఈ లక్షణాన్ని కనుగొన్నారు. మరుసటి ఏడు ఇట్రియం సమ్మేళనంతో ఆ హద్దు 93 కెల్విన్‌లకు, అంటే సుమారు మైనస్ 180 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. లోకవ్యవహారంలో ఇది ఊహకందని చలి. అయినా 'ఉన్నతం' అనడానికి హేతువు ఉంది. 77 కెల్విన్‌ల వద్ద మరిగే ద్రవ నైట్రోజన్‌తోనే దీనిని చల్లబరచవచ్చు. ఖరీదైన ద్రవ హీలియం అక్కరలేదు. ఈ పోలిక చెప్పని రచన పాఠకుణ్ణి కొలిమి వైపు నడిపిస్తుంది.

'అతి': ఆధిక్యమా, అతిక్రమణమా?
'అతివృష్టి'లో 'అతి' ఆధిక్యబోధకం. ఈ అర్థాన్నే గ్రహిస్తే అతివాహకం కేవలం 'మిక్కిలి మంచి వాహకం' అవుతుంది. అలాగైతే వెండి, రాగి ముందువరుసలో నిలవాలి. ఎంత చల్లబరచినా అవి సాధారణ పీడనం వద్ద అతివాహకత చూపలేదు. లాంథనం కాపర్ ఆక్సైడ్ స్వతహాగా విద్యుద్బంధకం. అందులో కొంత లాంథనం స్థానంలో బేరియం చేర్చి చల్లబరిస్తే అతివాహకమవుతుంది.

1933లో మైస్నర్, ఓక్సెన్‌ఫెల్డ్‌లు అతివాహకం తనలోని అయస్కాంత క్షేత్రాన్ని వెలికి నెడుతుందని చూపారు. నిరోధం లేకపోవడం ఒక్కటే దీనిని వివరించలేదు. నిరోధం మాత్రమే లేని వాహకమైతే లోపలి క్షేత్రాన్ని అలాగే నిలుపుకోవాలి. కనుక ఇక్కడి భేదం పరిమాణంలో లేదు, స్థితిలో ఉంది.

'అతి'కి దాటడమనే అర్థమూ ఉంది. ఇంద్రియాలకు అందనిది అతీంద్రియమైనట్లే, సాధారణ వాహకస్థితిని దాటినది అతివాహకం.

ముగింపు
తెలుగు మాధ్యమ విద్యార్థికి నిర్వచనం పదంతోనే మొదలవుతుంది. అక్కడ పడిన అపోహ సూత్రాలు కంఠస్థమైనా తొలగదు. పదాన్ని మార్చనవసరం లేదు. పాఠ్యరచయితలు 'అతి'ని అతిక్రమణార్థంలో వివరించి, 'ఉన్నతం' దేనికంటే ఉన్నతమో మొదటి వాక్యంలోనే చెబితే చాలు.