పగటి కలలో మన పిల్లలు

టీచర్ ట్రైనింగ్ చదివే రోజుల్లో మా లెక్చరర్ సారు నా చేతిలో పెట్టిన మొదటి పుస్తకం గిజుభాయి బధేకా 'పగటి కల'. ఒక్క రాత్రిలో చదివేశాను. ఇరవై ఏళ్ళు పాఠాలు చెప్పాక ఈ మధ్య మళ్ళీ చదివాను. అప్పుడు కనబడనివి కొన్ని ఇప్పుడు కనబడ్డాయి. అవి మన పిల్లలకు సంబంధించినవి కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

గుజరాత్‌లోని భావనగర్‌లో చిన్నపిల్లల బడి నడిపిన గిజుభాయి 1930ల మొదట్లో రాసిన కథ ఇది. ఒక మాస్టారు విద్యాధికారి దగ్గరికి పోయి, ప్రయోగం చేసుకోవడానికి నాలుగో తరగతిని ఏడాదిపాటు అడిగి తీసుకుంటాడు. మొదటి రోజు అనుకున్నదేదీ సాగదు. పిల్లలు గోల చేస్తారు, ఇంటికి పంపేస్తాడు. మరునాడు కథ మొదలుపెడతాడు. అంతే, తరగతి ఆయన చేతిలోకి వస్తుంది. ఆటలు, నాటకాలు, తరగతిలోనే చిన్న లైబ్రరీ. ఓడిపోయిన రోజును దాచకుండా రాయడం ఈ పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చింది. మన ట్రైనింగుల్లో ఎవరూ తమ ఓటమి చెప్పరు, అందరూ ఫోటోలే చూపిస్తారు.

అయితే ఈ కథలో అసలు నాయకుడు ఎవరు? మనం మాస్టారినే పొగుడుతాం. నేను మాత్రం ఆ అధికారి పేరు కూడా చెబుతాను. ఆయనకు పూర్తి నమ్మకం లేదు, పరీక్షలు మాత్రం తప్పవన్నాడు. అయినా ఒక తరగతిని, ఒక ఏడాదిని ఇచ్చాడు. సృజన టీచరు బుర్రలో ఉంటే చాలదు, దానికి చోటు ఇచ్చేవాళ్ళు ఉండాలి. బడి నాయకత్వం అంటే రిజిస్టర్లు సరిచూడటం ఒక్కటే కాదు, ఈ చోటు ఇవ్వడం కూడా.

పుస్తకంలో రెండు లోపాలున్నాయి. ఒకటి, మాస్టారు ఒంటరి. పక్క తరగతుల టీచర్లు ఎక్కువగా వెక్కిరించడానికే వస్తారు. వాళ్ళు ఎలా మారాలో, ఆయన వెళ్ళిపోయాక ఆ బడిలో ఏం మిగలాలో కథ పెద్దగా పట్టించుకోలేదు. రెండోది మనకు మరీ ముఖ్యం. ఆ మాస్టారి భాషా, పిల్లల భాషా ఒక్కటే. అందుకే కథ చెప్పగానే పిల్లలు కట్టుబడిపోయారు. భాష వేరైతే?

నేను ఒకటో తరగతిలో ఉన్నప్పుడు సారు నీళ్ళ కుండ బొమ్మ చూపించి ఇందులో ఏముందని అడిగారు. "ఏర్" అన్నాను. మా గోండిలో నీళ్ళను అట్లే అంటాం. "ఏరు కుండలో పడుతుందారా?" అని సారు నవ్వారు, తరగతంతా నవ్వింది. ఆ ఏడాదంతా నేను మళ్ళీ నోరు తెరవలేదు. ఆ సారు చెడ్డవాడు కాదు. మా భాషలో ఒక్క మాటైనా ఆయనకు ఎవరూ నేర్పలేదు.

ఈ పుస్తకం వదిలేసిన చోట మనకు మార్లవాయి ఉంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక నిజాం ప్రభుత్వానికి గోండుల గోడు వినక తప్పలేదు. ఆ తర్వాతే హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో ఉండి, 1943లో గోండు యువకులను టీచర్లుగా తయారుచేసే కేంద్రం మొదలుపెట్టించాడు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వచ్చాయి. పెద్ద చదువులు లేని మనవాళ్ళే మన పిల్లలకు పంతుళ్ళయ్యారు. గిజుభాయి కథలో ఒక్క టీచరు తరగతిని మార్చాడు. మార్లవాయిలో టీచర్లనే తయారుచేశారు. వృత్తిలో ఎదగడమంటే నాకు అర్థమైంది ఇదే.

దానికీ లోటుంది. ఆ పని పైనుంచి వచ్చింది, పైవాళ్ళు మారగానే కుంగింది. 1956 తర్వాత బడి భాష తెలుగైంది, గోండి వాచకాలు నిలవలేదు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలైంది, అదీ వేళ్ళూనుకోలేదు. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. పిల్లల భాష తెలిసిన టీచరు బడిలో ఉండటం ఉద్యోగాల లెక్క మాత్రమే కాదు, చదువు లెక్క కూడా అని మనం గట్టిగా చెప్పలేకపోయాం.

ఇప్పుడు నేను బడంగ్‌పేట్‌లో పాఠాలు చెబుతున్నాను. చుట్టూ కొత్త అపార్టుమెంట్లు లేస్తున్నాయి. వాటిని కట్టే కూలీల పిల్లలు మా తరగతిలో ఉన్నారు. ఒక రోజు తండా నుంచి వచ్చిన పాప నీళ్ళ బొమ్మ చూసి "పాణి" అంది. నా ఒకటో తరగతి గుర్తొచ్చింది. బోర్డు మీద "నీళ్ళు, పాణి, ఏర్" అని మూడూ రాశాను. పిల్లలు ఎగబడి తమ తమ మాటలు చెప్పారు. గోల విని హెడ్మాస్టరు సారు వచ్చారు. మందలిస్తారనుకున్నాను. కాసేపు గుమ్మంలో నిలబడి, "రేపు ఐదో తరగతిలో కూడా చేయండి టీచర్" అని వెళ్ళిపోయారు. నాకు ఏ ట్రైనింగులోనూ దొరకని ధైర్యం ఆ ఒక్క మాటలో దొరికింది.

'పగటి కల' తప్పకుండా చదవండి. చదివాక ఒక నోటుబుక్కు పెట్టుకోండి. మీ పిల్లలు ఇంట్లో వాడే మాటలు, అవ్వలు చెప్పే కథలు అందులో రాయండి. ఓడిపోయిన పాఠం కూడా రాయండి. కాంప్లెక్స్ మీటింగుకు ఆ నోటుబుక్కు పట్టుకుపోయి పక్క బడి టీచరుకు ఇవ్వండి. హెడ్మాస్టర్లయిన అన్నలూ అక్కలూ, మీరు వారానికి ఒక్క పీరియడు వదలండి చాలు. మన వాచకం ఒకసారి పైనుంచి వచ్చి పోయింది. ఈసారి మన తరగతుల్లోంచి రానిద్దాం.