జాషువా డిజిటల్ భాండాగారం: సూచిక ఎవరిది?

గుర్రం జాషువా (1895-1971) రచనలన్నిటికీ ఒక డిజిటల్ భాండాగారం కట్టాల్సిందే. అందులో పేచీ లేదు. పేచీ అంతా పుస్తకాల్ని స్కాన్ చేశాక మొదలవుతుంది. సూచిక రాసేదెవరు? ఏ కావ్యాన్ని ఏ అరలో పెడతారు?

'గబ్బిలం' (1941) సంగతే చూద్దాం. మన పండితులు దీన్ని సందేశకావ్యాల కింద, కాళిదాసు మేఘసందేశం వెనక వరసలో కూచోబెట్టి చేతులు దులుపుకోవడం మామూలే. ఆ మాట అబద్ధం కాదు. కానీ అక్కడితో ఆగితే కావ్యం చచ్చిపోతుంది. యక్షుడికి దూరమైంది భార్య. ఇక్కడి అరుంధతీసుతుడికి మూసిపెట్టింది గుడి తలుపు. మనిషికి లేని గుడిప్రవేశం గబ్బిలానికి ఉంది కాబట్టే శివుడికి కబురు దానిచేత పంపాడు. రేపు ఏ ఊరి కాలేజీ పిల్లో 'అంటరానితనం' అని కొట్టి వెతికితే ఈ కావ్యం బయటికి రావాలి. మూలంలో ఆ మాటే ఉండాలన్న రూలేం లేదు గదా! యంత్రం అక్షరాన్ని వెతుకుతుంది, అవమానాన్ని కాదు. అందుకే విషయసూచిక మనిషి చదివి రాయాలి. ఆ చదివేవాడికి ఈ బాధ తెలియకపోతే 'కరుణరసం' అని రాసి ఊరుకుంటాడు. 'నా కథ'లో కవి స్వయంగా చెప్పుకున్న అవమానాలకీ, 'గబ్బిలం'లోని వేదనకీ ముడి వేసేవాడు కావాలి మనకి.

అక్షరాల గొడవ వేరే ఉంది. పాత అచ్చులో అరసున్నలు, బండిరలు ఉంటాయి. యూనికోడ్‌లో రెండింటికీ చోటుంది, కానీ బొమ్మని అక్షరంగా మార్చే యంత్రం వాటి దగ్గర తడబడుతుంది. కవి పేరే జాషువ, జాషువా అని రెండు రకాలుగా కనిపిస్తుంది. ఇవన్నీ ఓపికగా సరిచేసుకోదగ్గవే. హక్కుల సంగతి మాత్రం ఓపికతో తీరేది కాదు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాత అరవై ఏళ్ళు, అంటే 2031 చివరిదాకా, ఆయన జీవితకాలంలో అచ్చయిన రచనల మీద హక్కులు ఉంటాయి. దళిత కవి పుస్తకమే గదా, ఎవరడుగుతార్లే అని అనుమతి తీసుకోకుండా పెట్టేస్తే అది కూడా ఒకరకం అంటరానితనమే.

అన్నిటికన్నా నన్ను వేధించేది 'శ్మశానవాటి' పద్యాలు. హరిశ్చంద్ర నాటకం ఆడినప్పుడల్లా కాటిసీనులో నటులు వాటిని రాగం తీసి పాడారు, అగ్రకులాల వాళ్ళూ వన్స్‌మోర్ కొట్టి విన్నారు. ఆ పద్యాలు నాటకకర్త బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసినవే అనుకుని విన్నవాళ్ళు ఎంతమందో! కవిని గుమ్మం బయట నిలబెట్టిన ఊళ్ళే ఆయన పద్యాన్ని మాత్రం స్టేజీ ఎక్కించాయి. అచ్చుప్రతులు మాత్రమే చేర్చిన భాండాగారంలో ఈ చరిత్ర ఎక్కడుంటుంది? ప్రతి పద్యం పక్కనా దాన్ని పాడిన గొంతు వినబడాలి, ఎక్కడ పాడారో, ఎవరు పాడారో రాసి ఉండాలి. ఆ పాత కేసెట్లు నాటకాల వాళ్ళ ఇళ్ళల్లో ట్రంకుపెట్టెల అడుగున బూజుపట్టి ఉంటాయి. పుస్తకానికి ఇంకో ప్రతి ఏ లైబ్రరీలోనన్నా దొరకొచ్చు. టేపుకి దొరకదు. పని అక్కణ్ణుంచి మొదలెట్టాలి.