యజమాని ఎక్కడ? - ‘రషోమోన్’ కథపై కొన్ని ప్రశ్నలు

జపాన్ ఆధునిక కథ ప్రస్తావన రాగానే ‘మానవ స్వభావాన్ని లోతుగా తవ్విన కథలు’ అనడం మన సాహిత్యకారులకు అలవాటు. అకుతగావ ర్యునొసుకె (1892-1927) 1915లో రాసిన ‘రషోమోన్’ని అందుకు ఉదాహరణగా చూపుతారు. కథ గొప్పదే, కాదనం. అయితే ఏ మానవుడి స్వభావం అని మేము అడుగుతున్నాం.

కథ పాతకాలపు క్యోటో నగరానిది. భూకంపాలు, సుడిగాలులు, అగ్నిప్రమాదాలు, కరువు ఒకదాని వెంట ఒకటి వచ్చిన రోజులు. యజమాని పనిలోంచి తీసేసిన ఒక పనివాడు వానలో నగరద్వారం కింద కూచున్నాడు. ఆకలితో చావాలా, దొంగ కావాలా? పైకెక్కితే అక్కడ పారేసిన శవాల మధ్య ఒక ముసలమ్మ సవరం కోసం చచ్చినామె జుట్టు పీకుతోంది. ఆమె చెప్పే న్యాయం ఇది: ఈమె బతికుండగా పాము మాంసాన్ని ఎండుచేపలని అమ్మింది, అమ్మకుంటే పస్తులతో పోయేది, నాదీ అదే గతి. ఆ న్యాయాన్నే పట్టుకుని పనివాడు ముసలమ్మ ఒంటిమీది గుడ్డ లాక్కుని చీకట్లో కలిసిపోతాడు.

దీన్నుంచి మనిషి స్వార్థపరుడని తేల్చేవాళ్లు ఒక సంగతి దాటేస్తున్నారు. పనివాణ్ణి వీధిన పడేసిన యజమాని కథలో ఎక్కడా కనపడడు. కత్తి అతని ఇంటివైపు తిరగదు, తనకన్నా బలహీనురాలి మీదికే పోతుంది. అంబేద్కర్ చెప్పిన శ్రేణీకృత అసమానతలో బతికే మనకు ఇది కొత్తేం కాదు. పైవాడి దెబ్బ తిన్నోడు కిందోణ్ణి కొడతాడు. దీనికి స్వభావమని పేరు పెడితే పైవాడికి ఎంత హాయి!

రచయితకు అన్యాయం చేయొద్దు. పనివాడి ఉద్యోగం ఊడటం నగరం చితికిపోవడంలో భాగమేనని ఆయనే రాశాడు. ముసలమ్మ ప్రాణం తన గుప్పిట్లో ఉందని తెలిశాక పనివాడి నీతికోపం ఎలా చల్లారి తృప్తిగా మారిందో కూడా చూపాడు. కారణాన్ని చెరిపేసింది ‘సార్వజనీన’ విమర్శే.

1922 జనవరిలో అకుతగావ, ఒకే చావును ముగ్గురు మూడు రకాలుగా చెప్పుకునే కథ ‘యబు నో నాకా’ ప్రచురించాడు. అదే ఏడు మార్చి 3న క్యోటోలో సుయిహైషా పుట్టింది. తోలుపని, చచ్చిన పశువుల పని పేరిట తరతరాలుగా వెలికి గురైన బురాకు ప్రజల సంఘం అది. 1871లో ప్రభుత్వం పాత హీనహోదాలను రద్దు చేసినా వెలి పోలేదు. వాళ్లు జాలి అడగలేదు, మనుషులుగా గౌరవం అడిగారు. మానవ స్వభావం గురించి మాట్లాడేవాళ్లు ఈ గొంతునూ వినాలి.

ఈ కథ పాఠం చెప్పే ఉపాధ్యాయ మిత్రులకు మా మనవి ఒక్కటే. పనివాడు చేసింది తప్పా ఒప్పా అని అడిగే ముందు, యజమాని ఎక్కడున్నాడని పిల్లల్ని అడగండి.