ఆశయం, అంతస్తు: తరగతి గదిలో పార్వతీశం

మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టర్ పార్వతీశం’ (1924) తరగతిలో పాఠమైనప్పుడు, నాయకుడు స్త్రీలు ధరించే టోపీని దొరల టోపీ అనుకొని కొన్న ఘట్టానికి విద్యార్థులు విరగబడి నవ్వుతారు. ఆ నవ్వుతోనే పాఠం ముగియరాదు. న్యాయశాస్త్రమంటే ఏమిటో తెలియకముందే ఆ మొగల్తూరు యువకుణ్ణి ఆకర్షించినది బారిష్టరు అనే హోదా. ఎన్ని పొరపాట్లు చేసినా అతడు సీమకు చేరగలిగాడు. అతనికి కులమూ, కలిగిన కుటుంబమూ అండగా ఉన్నాయి. అంతకు రెండేళ్ల ముందు, 1922లో వెలువడిన ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’లో, తనవారికి సమానత్వం కోరిన సంగదాసు భూస్వామి చౌదరయ్య దెబ్బకు ప్రాణాలే కోల్పోతాడు. పుట్టుకతో వచ్చిన అంతస్తులోని అంతరమే ఒకరి ఆశను హాస్యంగానూ, మరొకరి ఆశను విషాదంగానూ మలిచింది. ఈ రెండు నవలలనూ కలిపి బోధించినప్పుడే ఆ నవ్వు వెనుకనున్న సమాజం విద్యార్థికి కనబడుతుంది.