ఫౌంటెన్ల వెనుక నది

ప్రబంధకవికి అష్టాదశ వర్ణనలలో ఉద్యానవిహారం, జలక్రీడ తప్పనిసరి. ఆ సంకెళ్లు తెంచుకున్నామనుకునే మన యాత్రారచన, రోము దగ్గర తివోలిలోని విల్లా ద ఎస్తే గేటు దాటగానే మళ్లీ ప్రబంధమైపోతుంది. నూరు ఫౌంటెన్ల వరుస, నీటితో మోగే ఆర్గాను, సైప్రస్ చెట్ల నీడ అన్నీ వస్తాయి. నీరెక్కడిదన్న ప్రశ్న మాత్రం రాదు.

జవాబు రహస్యమేమీ కాదు. 1550లో తివోలికి గవర్నరైన కార్డినల్ ఇప్పోలితో ద ఎస్తే, వాస్తుశిల్పి పిర్రో లిగోరియో చేత ఈ తోట వేయించాడు. దానికోసం ఇళ్లు కూల్చారు. ఊరివాళ్లు వ్యాజ్యాలకు దిగారు. ఊరి కిందుగా సొరంగం తవ్వి అనియేనే నది నీటిని మళ్లించారు. పంపుల్లేవు, కొండవాలే యంత్రం. ఆ లెక్క కట్టినవాడి ప్రతిభను ఎవరూ కాదనరు. సొరంగం తవ్విన చేతులు వర్ణనలోకి రాకపోవడమే పేచీ. 1877లో లిస్ట్ ఈ నీటిమీద పియానో కృతి కట్టాడు. రాగానికి నది చిరునామా అక్కర్లేదు. యాత్రాగ్రంథానికి ఆ వెసులుబాటు ఎవరిచ్చారు?

మన పాఠకుడు ఎవరో కూడా చూడాలి. తెనాలివాడు ఊళ్లో మూడు కాలువల మధ్య పెరిగాడు. బెజవాడ ఆనకట్ట 1855లోనే పూర్తయింది, దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అయినా నీరు పల్లమెరుగునన్న సామెత కొమ్మమూరు కాలువ కింద బాపట్ల రైతునూ, రేపల్లె శివారు రైతునూ ఊరడించదు. పల్లం తమదే, నీరు పైనే ఆగుతుంది. వంతు కోసం గట్టున కాచుకున్నవాడు ఈ ఫౌంటెన్ల అధ్యాయం చదివితే, మొదట అడిగేది ఆ సొరంగం తూము ఎవరి చేతిలో ఉండేదనే.